మోచేతి నొప్పికి విశ్రాంతి ఒక్కటే చాలదు: కుట్టుపని చేసే నా అనుభవం

నేను తెనాలిలో ఇరవై ఏళ్లకు పైగా ఆడవాళ్ల జాకెట్లు కుడుతున్నాను. ఇంటి ముందు గదే షాపు. నేనూ, నా దగ్గర పని నేర్చుకునే ఇద్దరు అమ్మాయిలూ ఉంటాం. కిందటేడు మాఘమాసం పెళ్లిళ్ల రోజుల్లో నా కుడి మోచేతికి పట్టుకున్న నొప్పి కార్తీకం వచ్చేదాకా పూర్తిగా వదల్లేదు. ఆ మధ్యలో డాక్టర్ దగ్గర, ఫిజియోథెరపీ చేసే అమ్మాయి దగ్గర తెలుసుకున్నవీ, ఫార్మసీ చదువుతున్న మా అమ్మాయి కూర్చోబెట్టి చదివి చెప్పినవీ, నా చేతి మీద నేనే చూసుకున్నవీ రాసి పెడుతున్నాను. కత్తెర, ఇస్త్రీ పెట్టె, తాపీ, సుత్తి, స్క్రూడ్రైవర్, పట్టకారు ఇలా ఏదో ఒక పనిముట్టును రోజంతా బిగించి పట్టుకుని బతికేవాళ్లు మనలో ఎంతమందో. "నరం పట్టింది, అదే పోతుందిలే" అని చేతిని ఈడ్చుకుంటూ పని చేసేవాళ్లని నేను రోజూ చూస్తున్నాను. ఇది వాళ్లు చదవాలని నా కోరిక.

మొదట్లో అది నొప్పి అని కూడా అనిపించలేదు. సాయంత్రం మిషన్ మీద గుడ్డ కప్పే వేళకి మోచేతి బయటి వైపు, ఎముక బొడిపె దగ్గర చిన్న సలుపు. పొద్దున లేచేసరికి ఉండేది కాదు. ఆ నెల ముహూర్తాలు ఒకదాని మీద ఒకటి. పట్టు జాకెట్టు అంటే పైగుడ్డ, లైనింగు, మెడకు కాన్వాసు. టైము లేనప్పుడు రెండు మూడు జాకెట్ల లైనింగులు మడత మీద మడత వేసి ఒకేసారి పెద్ద కత్తెరతో కోసేస్తాం. కంచిపట్టు అంచు జరీతో గట్టిగా ఉంటుంది. దాని మీద కత్తెర పడాలంటే బొటనవేలు నొక్కాలి, మణికట్టు కాస్త వెనక్కి వంగి బిగుసుకోవాలి, గుడ్డ కదలకుండా చెయ్యి ముందుకు చాచి ఉండాలి. ఆ భంగిమలో గంటలు గడిచేవి. ఆ తర్వాత కాన్వాసు అతికించడానికి ఇస్త్రీ పెట్టె. అదయ్యాక వంటింట్లో గిన్నెలు, తడిబట్టలు పిండటం. చేతికి పని మారేది గానీ, బిగించి పట్టుకోవడం మారేది కాదు.

కొన్ని వారాలకి సలుపు రాత్రి దాకా నిలిచింది. తర్వాత పొద్దున కూడా. పాలగిన్నెను పట్టకారుతో పట్టి స్టవ్ మీద నుంచి దించబోతే మోచేతిలో సూది దిగినట్టయి చెయ్యి దానంతట అదే వదిలేయబోయింది. రెండో చెయ్యి ఆసరా ఇచ్చాను కాబట్టి సరిపోయింది. అప్పటి నుంచి ఒక్కొక్కటే బయటపడ్డాయి. తాళంచెవి తిప్పితే నొప్పి. సీసా మూత తీస్తే నొప్పి. కుర్చీని వీపు పట్టుకుని లేపితే ప్రాణం పోయేది. విచిత్రం ఏమిటంటే, నీళ్ల బకెట్ మోసినప్పటికంటే నిండుగా ఉన్న టీ కప్పును అరచేయి కిందికి ఉండేలా పట్టి ఎత్తినప్పుడే ఎక్కువ బాధ. మోచేయి ముడవడానికీ చాపడానికీ ఏ ఇబ్బందీ లేదు. వాపు లేదు, ఎరుపు లేదు. చూసేవాళ్లకి చెయ్యి శుభ్రంగా ఉంది.

అమ్మ వావిలాకు కాచిన నీళ్లతో కాపడం పెట్టింది, ఉప్పు మూట పెట్టింది. పక్కింటి బాబాయిగారు పుత్తూరు వెళ్లి కట్టు కట్టించుకు రమ్మన్నారు. కాపడం పెట్టినంతసేపూ హాయిగానే ఉండేది. తర్వాత డాక్టర్ కూడా కాపడం మానమనలేదు, బాధ తగ్గడానికి పెట్టుకోవచ్చన్నారు. కానీ దాంతో లోపల చెదిరిందేదీ బాగుపడదని ఆయన మాట. పుత్తూరు కట్టు ఎముక విరిగినవాళ్లు వెళ్లేది. నాకు విరిగింది ఏమీ లేదు.

ఉగాది ముందు ఎముకల డాక్టర్‌కి చూపించుకున్నాను. ఆ పరీక్ష జరిగిన తీరు కొంచెం వివరంగా రాస్తాను. ఎందుకంటే ఈ జబ్బు తేల్చడానికి పెద్ద మెషిన్లు అవసరం లేదనీ, తెలిసిన డాక్టర్ చేతులే చాలనీ నాకు అక్కడే అర్థమైంది.

ఆయన ముందు మోచేయి ముట్టుకోనే లేదు. మెడ అటూ ఇటూ తిప్పించారు, పైకీ కిందికీ వంచమన్నారు. "మెడ తిప్పితే చేతిలోకి నొప్పి దిగుతోందా? వేళ్లు తిమ్మిరెక్కుతున్నాయా?" అని అడిగారు. లేదన్నాను. మెడ దగ్గర నరం నొక్కుకుంటే ఆ నొప్పి మోచేతి దాకా, ఇంకా కిందికి కూడా దిగుతుందట. కుట్టుపని వాళ్లం రోజంతా మెడ వంచే ఉంటాం కాబట్టి అది ముందు తేల్చుకోవాలన్నారు. తర్వాత భుజం చూశారు. అప్పుడు మోచేయి. బయటి బొడిపె మీద, దానికి ఒక్క పిసరు ముందూ కిందా వేలితో నొక్కారు. కచ్చితంగా ఆ ఒక్క చోటే నేను ఉలిక్కిపడ్డాను. ఇంకో నాలుగు వేళ్లు కిందికి జరిగి కండరం మధ్యలో కూడా నొక్కారు. అక్కడ ఎక్కువ నొప్పి ఉంటే రేడియల్ నరం నొక్కుకుందేమో అనుమానించాలట. నాకు అక్కడ లేదు.

తర్వాత చెయ్యి చాపించి, పిడికిలి బిగించి మణికట్టును పైకి లేపమన్నారు. ఆయన పైనుంచి కిందికి నొక్కుతుంటే నేను ఎదురు తట్టుకోవాలి. తట్టుకోలేకపోయాను, నొప్పి సరిగ్గా బొడిపె దగ్గరే పుట్టింది. వేళ్లు చాపి ఒక్క మధ్యవేలినే పైకి లేపమని దాని మీద నొక్కారు. అదే నొప్పి. చివరికి పక్కనున్న ప్లాస్టిక్ కుర్చీని అరచేయి కిందికి పెట్టి వీపు దగ్గర పట్టుకుని లేపమన్నారు. అది నేను ఇంట్లో చేసి చూసుకున్నదే.

"టెన్నిస్ ఎల్బో అమ్మా ఇది," అన్నారు.

"నేను టెన్నిస్ బ్యాట్ ఎప్పుడూ పట్టలేదు సార్."

"నా దగ్గరికి వచ్చేవాళ్లలో ఆడేవాళ్లు అరుదు. మేస్త్రీలు, వడ్రంగులు, వంటవాళ్లు, మీలాంటి దర్జీలు, ఇప్పుడు కంప్యూటర్ల ముందు కూర్చునే పిల్లలు."

ఎక్స్‌రే తీయించమని నేనే అడిగాను. ఎముకలో ఏమీ కనబడదనీ, పాత దెబ్బ ఉందన్నా కీలు అరుగుదల అనుమానం ఉన్నా తీయిస్తామనీ చెప్పారు. అల్ట్రాసౌండ్, ఎంఆర్ఐ లాంటివి కూడా అనుమానం తీరనప్పుడో, ఎన్నాళ్లకీ తగ్గనప్పుడో గానీ ముందే అక్కర్లేదన్నారు. రక్తంలో షుగర్ మాత్రం చూపించారు. షుగర్ ఉన్నవాళ్లకీ, పొగ తాగేవాళ్లకీ ఈ టెండన్ల జబ్బులు ఎక్కువట. నాకు షుగర్ లేదు. వయసు మాత్రం సరిగ్గా అందులోనే ఉంది. ఇది ముప్పై అయిదు దాటిన దగ్గర్నుంచి యాభై అయిదు లోపువాళ్లకి ఎక్కువగా వస్తుంది, అదీ పని చేసే చేతికి. ఆడా మగా తేడా పెద్దగా లేదు. పెద్దవాళ్లలో నూటికి ఒకరి నుంచి ముగ్గురి దాకా ఇది ఉంటుందని లెక్క. నొప్పి మోచేతి లోపలి వైపు బొడిపె దగ్గర వస్తే దాన్ని గోల్ఫర్స్ ఎల్బో అంటారు. అందులో దెబ్బతినేది మణికట్టును లోపలికి వంచే కండరాల టెండన్.

నాకు ఒక అనుమానం అక్కడే ఉండిపోయింది. కత్తెర నొక్కేటప్పుడు వేళ్లు లోపలికి ముడుచుకుంటాయి కదా, మరి నొప్పి చేతిని వెనక్కి లేపే వైపు ఎందుకు? ఇది ఫిజియోథెరపీ అమ్మాయి విప్పి చెప్పింది. మణికట్టునీ వేళ్లనీ వెనక్కి లేపే కండరాలు చాలావరకు ఆ బయటి బొడిపె దగ్గరే మొదలవుతాయి. కండరం వెళ్లి ఎముకకు అతుక్కునే చోట గట్టి తెల్లని పట్టీ ఉంటుంది, అదే టెండన్. పిడికిలి బిగిస్తే వేళ్లను ముడిచే కండరాలు మణికట్టును కూడా లోపలికి లాగేస్తాయి. అలా మడిచిపోకుండా వెనక నుంచి నిలబెట్టేది ఈ కండరాలే. మీరు ఎడమ చేత్తో కుడి ముంజేతి పైభాగం పట్టుకుని కుడి పిడికిలి గట్టిగా బిగించి చూడండి, వేళ్ల కింద కండరం ఉబ్బుతుంది. అంటే మనం ఏది గట్టిగా పట్టుకున్నా ఆ పట్టు బరువు ఈ చిన్న చోటే మోస్తోంది. వాటిలోనూ ఎక్కువ దెబ్బతినేది ఎక్స్‌టెన్సర్ కార్పి రేడియాలిస్ బ్రెవిస్ అనే కండరం టెండన్. డాక్టర్లు ఈసీఆర్‌బీ అంటారు. చెయ్యి చాచి ఉన్నప్పుడు, అరచేయి కిందికి ఉన్నప్పుడు దీని మీద లాగుడు ఇంకా ఎక్కువ.

లోపల జరిగేది ఏమిటంటే, ఒకే చోట మళ్లీ మళ్లీ విప్పి కుట్టిన గుడ్డ సంగతి మా పనివాళ్లకి తెలుసు. పోగులు చెదిరి, వరస తప్పి, చూడ్డానికి గుడ్డే అయినా కుట్టు నిలవదు. టెండన్‌లో పోగులు కూడా అలాగే వరస తప్పుతాయి. రోజువారీ పనిలో దానికి కొంచెం కొంచెం దెబ్బ తగలడం, రాత్రికి సరిదిద్దుకోవడం మామూలే. దెబ్బ ఎక్కువై, సరిదిద్దుకునే టైము చాలనప్పుడు వెనకబడుతుంది. టెండన్లకి కండరానికి ఉన్నంత రక్తప్రసారం ఉండదు, అందుకని మరమ్మతు కూడా నిదానమే. 1979లో నిర్షల్, పెట్రోన్ అనే అమెరికా సర్జన్లు ఆపరేషన్ చేసి తీసిన ముక్కల్ని మైక్రోస్కోపు కింద చూసి రాశారు. వాపు వచ్చిన చోట ఉండాల్సిన కణాలు అందులో పెద్దగా లేవు. చెదిరిన పోగులూ, అడ్డదిడ్డంగా పుట్టిన సన్నటి రక్తనాళాలూ కనిపించాయి. ఈ ఒక్క విషయం తెలిశాక నాకు వైద్యం మొత్తం అర్థమైంది. వాపు తగ్గించే మాత్రతో ఈ పోగులు వరసలోకి రావు.

పేరులో టెన్నిస్ ఉన్నా దీన్ని ముందు గుర్తించింది ఆటగాళ్లలో కాదు. 1873లో రుంగె అనే జర్మన్ డాక్టర్ రాతపని చేసేవాళ్ల చేతి బాధల గురించి రాస్తూ దీన్ని వివరించాడు. పదేళ్ల తర్వాత ఇంగ్లండులో లాన్ టెన్నిస్ ఆడేవాళ్ల మోచేయి గురించి రాయడంతో ఆ పేరు స్థిరపడింది. మన ఇళ్లలో మాత్రం ఈ పేరు తెలిసింది సచిన్ వల్ల. 2004లో ఆయన మోచేతి నొప్పితో మ్యాచులకు దూరమైతే ఇల్లిల్లూ దిగులుపడింది. 2005లో లండన్‌లో ఆపరేషన్ అయింది. అంతటి మనిషికే అన్ని నెలలు పట్టిందని గుర్తు చేసుకుంటే నాకు ఓపిక వచ్చేది.

ఇంజెక్షన్ మాట వచ్చేది ఇక్కడే. డాక్టర్ నా ముందు రెండు దారులు పెట్టారు. స్టెరాయిడ్ ఇంజెక్షన్ చేస్తే వారం పదిరోజుల్లో హాయిగా ఉంటుంది, కానీ తిరగబెట్టే అవకాశం ఎక్కువ. వ్యాయామంతో వెళ్తే నెలలు పడుతుంది, కానీ నిలబడుతుంది. "పెళ్లిళ్ల సీజన్ ఉంది సార్" అన్నాను. "అందుకే ఆలోచించుకుని చెప్పమ్మా, తొందరేం లేదు" అన్నారు. అలా టైము ఇచ్చినందుకు ఆయనకి నేను రుణపడి ఉంటాను.

మా వీధి చివర మగ్గం పని చేసే ఒకావిడ ఈ ఇంజెక్షన్ చేయించుకుంది. నెలా నెలన్నర చెయ్యి దూదిలా ఉందనీ, తర్వాత అదే నొప్పి తిరిగి వచ్చిందనీ చెప్పింది. సూది పడ్డ చోట చర్మం రంగు కొంచెం వెలిసింది. ఒక్క మనిషి అనుభవంతో తేల్చుకోకూడదు కదా అని మా అమ్మాయిని అడిగాను. అది రెండు అధ్యయనాలు తీసి అంకెలు కాగితం మీద రాసిచ్చింది. 2002లో నెదర్లాండ్స్‌లో 185 మందిని మూడు గుంపులు చేశారు. ఒక గుంపుకి ఇంజెక్షన్, ఒక గుంపుకి ఫిజియోథెరపీ, మూడో గుంపుకి జాగ్రత్తలు చెప్పి వేచి చూడటం. ఆరు వారాలకి ఇంజెక్షన్ వాళ్లలో నూటికి 92 మందికి బాగుంది. ఫిజియోథెరపీలో 47, వేచి చూసినవాళ్లలో 32. అక్కడితో ఆగిపోతే ఎవరైనా ఇంజెక్షనే అడుగుతారు. ఏడాది తర్వాత అదే లెక్క తిరగబడింది. ఇంజెక్షన్ గుంపులో 69, ఫిజియోథెరపీలో 91, ఏమీ చేయకుండా వేచి చూసినవాళ్లలో 83. ఆస్ట్రేలియా వాళ్లు 2013లో ప్రచురించిన ఇంకో అధ్యయనంలో ఇంజెక్షన్ చేయించుకున్నవాళ్లలో నూటికి 54 మందికి తిరగబెట్టింది. ఉత్తుత్తి ఇంజెక్షన్ వేసినవాళ్లలో 12 మందికే.

నాకు ఆ కాగితం చాలింది. కాకపోతే ఒక మాట చెప్పాలి. రేపే ఒక పరీక్ష రాయాల్సిన వాళ్లు, నొప్పితో రాత్రిళ్లు నిద్రలేని వాళ్లు ఉంటారు. వాళ్ల లెక్క వేరు కావచ్చు, వాళ్ల డాక్టర్‌తో మాట్లాడుకోవాలి. షుగర్ ఉన్నవాళ్లకి ఆ ఇంజెక్షన్ తర్వాత కొన్నాళ్లు షుగర్ పెరుగుతుందని కూడా తెలుసుకుని వెళ్లాలి. నాలాగా రేపూ ఎల్లుండీ వచ్చే ఏడూ అదే చేత్తో కత్తెర పట్టాల్సినవాళ్లు మాత్రం ఏడాది తర్వాతి అంకె చూడాలని నా గట్టి నమ్మకం.

నాకు రాసిన మందులు తక్కువే. నొప్పి ఎక్కువైన రోజుల్లో పూయడానికి డైక్లోఫెనాక్ జెల్, తప్పనిసరైతే మాత్ర, అదీ తిన్న తర్వాత, కొద్ది రోజులే. కడుపులో పుండు, కిడ్నీ, బీపీ ఉన్నవాళ్లు ఆ మాత్రలు అడక్కుండా కొనుక్కోకూడదని హెచ్చరించారు. మోచేతికి ఒక పట్టీ ఇచ్చారు. చాలామంది దాన్ని నొప్పి ఉన్న బొడిపె మీదే బిగిస్తారు. అది ఉండాల్సింది మోచేతి కీలుకి రెండు వేళ్లు కింద, ముంజేతి కండరం మీద. కండరం లాగుడు బొడిపె దాకా పూర్తిగా పోకుండా మధ్యలో కొంత ఆపుతుంది. పని చేసేటప్పుడు పెట్టుకుని, కూర్చున్నప్పుడు వదులు చేసి, పడుకునేటప్పుడు తీసేయాలి. వేళ్లు తిమ్మిరెక్కితే బిగువు ఎక్కువైనట్టే.

అసలు వైద్యం ఫిజియోథెరపీ గదిలో మొదలైంది. నేను అక్కడికి వెళ్లేటప్పుడు, ఒక నెల కత్తెర ముట్టుకోవద్దని చెప్తారేమో అని భయపడుతూ వెళ్లాను. ఆ అమ్మాయి మొదటి మాట వేరు. "ఆంటీ, పూర్తిగా ఆపేస్తే నొప్పి తగ్గుతుంది, టెండన్ కూడా బలహీనపడుతుంది. మళ్లీ పని మొదలుపెట్టిన రోజే తిరిగి వస్తుంది. దానికి బరువు కావాలి, కాకపోతే కొలిచి ఇవ్వాలి." కొలత మీద బతికేదాన్ని కదా, ఆ మాట నాకు వెంటనే ఎక్కింది. టెండన్‌లో పోగులు ఏ దిక్కున బరువు పడితే ఆ దిక్కున వరసకడతాయట. బరువే లేకపోతే దేనికి వరసకట్టాలి?

మొదటి దశలో కదలిక లేదు. ముంజేయి బల్ల మీద ఆనించి, అరచేయి కిందికి పెట్టి, మణికట్టు బల్ల అంచు దాటి ఉండేలా కూర్చోవాలి. ఎడమ అరచేత్తో కుడి చేతి వెనక భాగాన్ని కిందికి నొక్కుతూ, కుడి చెయ్యి కదలకుండా ఎదురు నిలవాలి. ముప్పై నుంచి నలభై అయిదు సెకన్లు. నిమిషం ఆగి మళ్లీ. అలా నాలుగైదు సార్లు. ఇది చేశాక కాసేపు నొప్పి తేలికవడం నేను గమనించాను. అందుకే కటింగ్‌కి కూర్చోబోయే ముందు చేసేదాన్ని.

రెండో దశలో బరువు. నీళ్ల సీసాతో చేయమంది గానీ, సీసా లావుగా ఉండి దాన్ని పట్టుకోవడమే నాకు నొప్పి. అందుకని కాన్వాసు గుడ్డతో చిన్న సంచులు కుట్టాను, సన్నటి పిడి పెట్టి. కడిగి ఆరబెట్టిన ఇసుక పోసి, కిరాణా కొట్టు కాటా మీద తూపించి, ఒకటి పావు కిలో, ఒకటి అర కిలో, ఒకటి ముప్పావు, ఒకటి కిలో అని మూతి కుట్టేశాను. వాటి మీద ఎర్రదారంతో బరువు కూడా కుట్టాను. సంచి పట్టుకున్న కుడి చేతిని ఎడమ చేత్తో పైకి లేపాలి. ఎడమ చెయ్యి వదిలేసి, కుడి మణికట్టును ఒకటి, రెండు, మూడు, నాలుగు అనుకుంటూ నెమ్మదిగా కిందికి దించాలి. పది నుంచి పదిహేను సార్లు, అలా మూడు విడతలు. దించడంలోనే పని అంతా ఉంది. గబుక్కున వదిలేస్తే ప్రయోజనం లేదు. ఆ తర్వాతి దశలో సుత్తి పిడి చివర పట్టుకుని, ముంజేతిని అటూ ఇటూ నెమ్మదిగా తిప్పడం. రబ్బరు పట్టీ తలుపు గొళ్లేనికి కట్టి, భుజం వెనక కండరాలు లాగడం కూడా నేర్పింది. భుజం నిలవకపోతే ఆ బరువు కూడా ముంజేతి మీదే పడుతుందట.

నొప్పి ఎంత ఉంటే ఆపాలి అన్నది అందరికీ వచ్చే సందేహం. మాకు పెట్టిన నియమం సులువుగా ఉంటుంది. సున్నా నుంచి పది దాకా లెక్కలో మూడు వరకు ఉంటే చేయొచ్చు. మర్నాడు పొద్దున చూసుకోవాలి. ముందు రోజు ఉన్నంతే ఉంటే సరైన బరువు. ఎక్కువైతే బరువు ఒక మెట్టు తగ్గించాలి. నేను పొద్దున పాలగిన్నె దించేటప్పుడు చూసుకునేదాన్ని.

వ్యాయామం ఒకవైపు, పని చేసే తీరు ఒకవైపు. నా దృష్టిలో రెండోది ఏమాత్రం తక్కువది కాదు. కత్తెర సాన పట్టించాను. మొండి కత్తెరకి రెట్టింపు బిగువు కావాలి, మనకి అలవాటై తెలియదు. లైనింగులు మడతల మీద మడతలు వేయడం మానేశాం. ఒకరోజంతా కటింగ్, ఒకరోజంతా కుట్టు అనే పద్ధతి తీసేసి, పొద్దున కాసేపు కటింగ్, మళ్లీ మధ్యాహ్నం కాసేపు అని విడదీశాం. బల్ల కాళ్ల కింద చెక్కలు పెట్టి, మోచేయి ఒంటికి దగ్గరగా ముడుచుకుని కోసేలా ఎత్తు సరిచేశాం. ఇస్త్రీ పెట్టె పిడి సన్నగా ఉంటే దానికి గుడ్డ చుట్టాను. పిడి చేతికి నిండుగా ఉంటే అంత బిగించనక్కర్లేదు. ఇంట్లో పట్టకారు పక్కన పెట్టి, మసిగుడ్డలతో రెండు చేతులా గిన్నె దించడం. ఏది ఎత్తినా అరచేయి పైకి ఉండేలా, మోచేయి ముడిచి ఎత్తడం. తడిబట్టలు పిండటం మా ఆయన తీసుకున్నారు. బట్టలు పిండటంలో పిడికిలి బిగువూ, మణికట్టు మెలికా రెండూ ఒకేసారి పడతాయి. ఈ జబ్బు ఉన్నవాళ్లకి దానంత చెడ్డపని ఇంకోటి లేదు. ఇంట్లో ఆడవాళ్ల చెయ్యి బాగుపడాలంటే ఇంట్లో మిగతావాళ్ల చేతులు కదలాలి. ఈ వాక్యం మగవాళ్లు కూడా చదవాలి.

ఆర్డర్లు తగ్గించుకోవాల్సి వచ్చింది, ఆ బాధ నిజమైనది. పాత ఖాతాదార్లకి ఫోన్ చేసి "అమ్మా, ఈసారి సగమే తీసుకోగలను" అని చెప్తుంటే గొంతు పట్టేసేది. కొందరు వేరే షాపుకి వెళ్లారు. కొందరు ఆగారు. కటింగ్ పని నా దగ్గర నేర్చుకునే ఇద్దరిలో పెద్దమ్మాయికి అప్పజెప్పాను. దాని చెయ్యి ఇప్పుడు నా చెయ్యంత బాగా తిరుగుతోంది.

దారి తిన్నగా లేదు. వేసవిలో కాస్త బాగుపడిందనుకునేసరికి ఆవకాయ రోజులు వచ్చాయి. కాయలు మార్కెట్లోనే కొట్టించుకొచ్చాం, అయినా జాడీలు దించడం, కడగడం, కలపడం, మూతలు కట్టడం. రెండు రోజులకి చెయ్యి మళ్లీ మాఘమాసంలోకి వెళ్లింది. ఏడుపొచ్చింది. ఫిజియోథెరపీ అమ్మాయి గాభరా పడలేదు. "ఇలా పైకి లేవడం, దిగడం అందరికీ ఉంటుంది ఆంటీ. కొత్తగా ఏదో చిరిగిపోయిందని కాదు. అర కిలో పక్కన పెట్టి పావుకిలో సంచి పట్టుకోండి, మానేయొద్దు" అంది. శ్రావణం వచ్చేసరికి కిలో సంచి దించగలిగాను. వరలక్ష్మీవ్రతం జాకెట్లు సగం నేనే కోశాను. దసరా దాటాక, కార్తీకంలో, రోజంతా పని చేసి కూడా రాత్రి మోచేయి గుర్తు రాకుండా పడుకున్నాను. ఇప్పటికీ వారంలో రెండు మూడు రోజులు ఆ సంచులు పడతాను.

పీఆర్‌పీ గురించి నన్ను చాలామంది అడిగారు. మన రక్తమే తీసి, ప్లేట్‌లెట్లు ఎక్కువున్న భాగం వేరుచేసి మోచేతిలో ఎక్కిస్తారు. ఖర్చు బాగానే అవుతుంది. దీని మీద వచ్చిన అధ్యయనాలన్నీ కలిపి చూసిన 2021 నాటి కోక్రేన్ సమీక్ష, ఉత్తుత్తి ఇంజెక్షన్ కంటే దీనివల్ల చెప్పుకోదగ్గ మేలు లేదని తేల్చింది. ఎవరైనా చేయించుకోమంటే ఆ సంగతి అడిగి తెలుసుకోండి. ఆపరేషన్ అన్నది ఆరు నెలలు, ఏడాది సరిగ్గా వ్యాయామం చేసినా తగ్గని కొద్దిమందికి. ఎక్కువమందికి ఏడాది, ఏడాదిన్నర లోపల తగ్గిపోతుంది కాబట్టి అక్కడిదాకా వెళ్లేవాళ్లు తక్కువ.

పైన రాసిన పరీక్షలు ఇంట్లో ఎవరికి వారు చేసి చూసుకుని పేరు పెట్టేసుకోవద్దు. మోచేతి నొప్పి అంతా ఇదే కాదు. పడిపోయాకో దెబ్బ తగిలాకో మొదలైన నొప్పి, కీలు వాచి ఎర్రగా వేడిగా ఉండటం, జ్వరం, మోచేయి పూర్తిగా చాపలేకపోవడం, వేళ్లు తిమ్మిరెక్కడం, చేతిలోంచి వస్తువులు జారిపోయేంత బలం తగ్గడం, మెడ నుంచి దిగే నొప్పి, రాత్రి నిద్రలో లేపేసే నొప్పి, వీటిలో ఏది ఉన్నా ఇసుక సంచి కుట్టే ముందు డాక్టర్ దగ్గరికి వెళ్లండి. ఎడమ మోచేయితో పాటు ఛాతీలో బరువు, ఆయాసం, చెమటలు ఉంటే అది గుండెది కావచ్చు. అప్పుడు ఎముకల డాక్టర్ కోసం ఆగకుండా దగ్గర్లో ఉన్న పెద్దాసుపత్రి ఎమర్జెన్సీకే వెళ్లాలి.